ఆ పార్కుకి మరోపాలి

1955 జూలై 17, ఆదివారం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, అనహైమ్ అనే ఊరు. నారింజ తోటలు కొట్టించి, ఏడాదిలో కట్టిన ఒక పార్కుకి ఆ రోజు ప్రారంభోత్సవం. ఎండ మాడ్చేస్తోంది. అప్పుడే పోసిన తారు ఇంకా గట్టిపడలేదు, నడుస్తున్న ఆడవాళ్ల హైహీల్స్ అందులో దిగబడిపోయాయి. పిలిచినదానికంటే చాలా ఎక్కువ మంది, 28 వేల దాకా వచ్చిపడ్డారు. దొంగ టికెట్లు అచ్చేసి అమ్మేశారు మరి. ఒకాయనైతే గోడకి నిచ్చెన వేసి, మనిషికి ఐదు డాలర్లు పుచ్చుకుని లోపలికి దింపాడని కూడా చెప్తారు. తెచ్చిన తిండి అయిపోయింది. గ్యాస్ లీకవుతోందని ఒక భాగం కాసేపు మూసేశారు. ఇదంతా దేశమంతా టీవీలో అప్పటికప్పుడు చూస్తూనే ఉంది. ఆ ప్రసారం నడిపిన ముగ్గురిలో ఒకరు రోనాల్డ్ రీగన్ అనే సినిమా నటుడు. ఆ తర్వాత పాతికేళ్లకి ఆయనే ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం నీళ్ల సంగతి. ప్లంబర్లు సమ్మెలో ఉన్నారు. ఉన్న టైములో మంచినీళ్ల కుళాయిలన్నా పెట్టాలి, మరుగుదొడ్లన్నా పూర్తి చేయాలి, రెండూ కుదరవు అన్నారు. యజమాని వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లే ఎంచుకున్నాడు. అంత ఎండలో కుళాయిల్లేకపోయేసరికి, కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే ఇలా చేశారని జనం తిట్టుకున్నారు. పిల్లల్ని వేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా బయట తిరిగిన ఏ తల్లినైనా అడగండి, ఆయన ఎంచుకున్నదే ఎంచుకుంటుంది. నీళ్ల సీసా మన సంచిలో ఉంటుంది. రెండోది సంచిలో పట్టుకెళ్లేది కాదు కదా.

అదీ డిస్నీలాండ్ మొదటి రోజు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కంపెనీవాళ్లు జూలై 17ని ప్రారంభోత్సవం కింద లెక్కే పెట్టలేదు. అది పత్రికలవాళ్లకి చూపించిన రోజు, అసలు తెరిచింది మర్నాడు 18న అనేవారు. మన పెళ్లిళ్లలో వడ్డన గందరగోళమైతే, "అది ఇంటివాళ్ల బంతి, అసలు బంతి ఇప్పుడు మొదలు" అని సర్దేసినట్టన్నమాట. కానీ ఒకటి ఒప్పుకోవాలి. అంత అల్లరయ్యాక కూడా, తెరిచిన ఏడు వారాల్లో పది లక్షల మంది ఆ పార్కు చూశారు. టీవీలో ఆ గందరగోళం చూసినవాళ్లే పిల్లల్ని తీసుకుని బయల్దేరారు.

ఇంత వివరంగా ఇది చదవడానికి ఒక కారణం ఉంది. ఈ వేసవిలో మా ఇంట్లో ఇదే పంచాయితీ. ఒకసారి వెళ్లి, ఉసూరుమంటూ తిరిగొచ్చిన పార్కుకి మళ్లీ వెళ్లాలా, వద్దా?

మాది పలాస. మా వారికి కాశీబుగ్గలో చిన్న కొట్టు. అత్తగారి ఊరు ఉద్దానంలో, కవిటి వైపు. 2018 మే నెలలో, కొబ్బరికాయల డబ్బు చేతికొస్తే, అందరం కలిసి రాత్రి రైలెక్కి ఒక పెద్ద నగరం దగ్గరున్న పార్కుకి వెళ్లాం. ఏ పార్కో చెప్పను, చెప్పడం వల్ల ఎవరికీ లాభం లేదు. కొట్టు మూసే రోజు ఆదివారమే కాబట్టి ఆదివారమే వెళ్లాం. గేటు దగ్గర పులిహోర డబ్బా ఆపేశారు. బయటి తిండి లోపలికి రాకూడదట. నీళ్ల జారుడుబల్లల్లో సగం మరమ్మతులని తాడు కట్టేసి ఉన్నాయి, ఆ మాట టికెట్ ఇచ్చే కిటికీ దగ్గర ఎవరూ చెప్పలేదు. ఒక్కో రైడుకి గంట, గంటన్నర వరస. చిన్నాడికి అప్పటికి ఏడాదిన్నర, వాడు నా భుజం దిగలేదు. మా అత్తగారు సంచులకి కాపలాగా ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. అన్నీ కలిపి 18 వేలు ఖర్చు.

పెద్దదానికి అప్పుడు ఎనిమిదేళ్లు. రెండో తరగతి పాసయింది. దానికి అక్కడ ఒకే ఒక్క రైడు కావాలి, ఆకాశంలో తలకిందులుగా తిప్పే పెద్దది. గంటంబావు వరసలో నిలబడి ముందుకెళ్తే, అక్కడ ఒక కొలబద్ద. 140 సెంటీమీటర్లు ఉంటేనే. ఇది 124. ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. ఇది ఏడవలేదు. వెనక్కి తిరిగి, అంత వరసనీ తోసుకుంటూ బయటికొచ్చేసింది. రైల్లో కూడా మాట్లాడలేదు.

ఇప్పుడు దానికి పదహారు. పదో తరగతి అయిపోయింది. జూన్‌లో ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్లిపోతుంది. పదో తరగతి అయ్యాక పిల్లలు ఇంటికి చుట్టాల్లా వస్తారని మీలో చాలామందికి తెలుసు. వెళ్లేలోపు ఏం కావాలే అని అడిగితే, ఫోను అంటుందనుకున్నాను. "ఆ పార్కుకి వెళ్దాం" అంది.

మా వారు ఒక్క మాటలో తేల్చేశారు. ఒకసారి డబ్బు పోగొట్టుకున్నచోట రెండోసారి పోగొట్టుకోవడం ఎందుకు అని. వ్యాపారం చేసేవాళ్లకి ఆ లెక్క సహజం. సరుకు బాగోలేదని తెలిసిన చోట మళ్లీ కొనరు. నేనైతే అటూ ఇటూ కాకుండా ఉన్నాను. ఇంతకీ ఆ రోజు పాడైంది ఎందువల్ల? పార్కు వల్లా, ఆ ఆదివారం వల్లా, మా పిల్లల వయసు వల్లా? ఈ మూడూ వేరుచేయకపోతే మళ్లీ వెళ్లడం గురించి ఏమీ తేలదు. డిస్నీలాండ్ సంగతే చూడండి. అక్కడ చెడిపోయింది ఆ రోజు. తారు ఆరిపోయింది, కుళాయిలు వచ్చాయి, దొంగ టికెట్లు ఆగాయి. రోజుతో పోయే తప్పులవి.

అదే కంపెనీ 1992 ఏప్రిల్ 12న పారిస్ పక్కన ఇంకో పార్కు తెరిచింది. అక్కడ చెడిపోయింది రోజు కాదు. వచ్చేవాళ్లెవరో కట్టినవాళ్లకి సరిగా తెలియకపోవడం. ఫ్రాన్సువాళ్లకి మధ్యాహ్నం భోజనంతో ఒక గ్లాసు వైను మామూలు విషయం, మనకి మజ్జిగన్నంలా. పార్కులో మద్యం ఉండకూడదన్నారు. యూరప్‌వాళ్లు పొద్దున పెద్దగా తినరని ఎవరో చెబితే, టిఫిను పెట్టే చోట్లు చిన్నవి కట్టారు. తీరా చూస్తే అందరూ పొద్దున్నే కూర్చుని తినడానికే వచ్చారు. వరసలు, విసుగులు. తెరవకముందే అక్కడి పెద్దలకి ఆ పార్కంటే పడలేదు. అరియాన్ నూష్కిన్ అనే నాటక దర్శకురాలు దాన్ని సాంస్కృతిక చెర్నోబిల్ అని తిట్టిపోసింది. చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగి అప్పటికి ఆరేళ్లే, అంత మాటన్నమాట. మొదటి రెండేళ్లూ నష్టాలు. మూసేస్తారేమో అన్నంత వరకూ వచ్చింది.

అప్పుడు వాళ్లేం చేశారన్నదే నాకు ముఖ్యం. 1993లో భోజనంతో వైను ఇవ్వడం మొదలుపెట్టారు. 1994లో పేరు మార్చి, డిస్నీలాండ్ పారిస్ అన్నారు. టికెట్ ధర తగ్గించారు. 1995లో ఒక పెద్ద కొత్త రైడు కట్టారు, జూల్ వెర్న్ రాసిన చంద్రుడి ప్రయాణం కథ మీద. ఆ ఏడాదే మొదటిసారి లాభం చూశారు. ఇప్పుడు యూరప్‌లో అంతమంది వెళ్లే పార్కు ఇంకోటి లేదు. అంటే తిట్టినవాళ్లు రెండోసారి వెళ్లేలా చేసింది ప్రకటనలు కాదు. ఒక గ్లాసు వైను, ఒక పూట టిఫిను. వచ్చినవాళ్లకి ఏం కావాలో చూడటం. మన గేట్ల దగ్గర ఆగిపోయే పులిహోర డబ్బాల గురించి కూడా ఎవరైనా ఒకనాడు ఇలా ఆలోచిస్తారేమోనని నా ఆశ. మా అత్తగారి వయసువాళ్లు ఆ లోపలి నూడుల్స్ తినలేరు.

అలాగని తప్పు దిద్దుకునే వ్యవధి ప్రతి పార్కుకీ దొరకదు. ఢిల్లీలో ప్రగతి మైదాన్ దగ్గర అప్పు ఘర్ ఉండేది. 1982 ఆసియా క్రీడల బొమ్మ అప్పు అనే ఏనుగు గున్న మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, ఆ పేరే దీనికి పెట్టారు. 1984 నవంబర్ 19న తెరిచారు. మన దేశంలో ఇలాంటి పార్కుల్లో తొలితరం అదే. ఉత్తరాది యాత్రకి వెళ్లిన మనవాళ్లు కూడా ఎర్రకోట, కుతుబ్ మీనార్‌తో పాటు అది చూసొచ్చేవారు. 2008 ఫిబ్రవరిలో మూసేశారు. ఆ స్థలం వేరే అవసరాలకి పోయింది. ముంబయి దగ్గర గోరాయ్‌లో 1989లో మొదలైన ఎస్సెల్ వరల్డ్ కూడా 2022లో మూతపడింది. ఈసారి కాదు, పిల్లలు పెద్దయ్యాక తీరిగ్గా వెళ్దాం అనుకున్నవాళ్లకి వెళ్లే చోటే లేకుండా పోయింది.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. ఇది మన పంచాయితీకి నేరుగా పనికిరాదు గానీ, నవ్వొస్తుంది. న్యూయార్క్‌లో కోనీ ఐలాండ్ అని సముద్రపు ఒడ్డు. అక్కడ జార్జ్ టిల్యూ అనే ఆయన 1897లో స్టీపుల్‌చేజ్ పార్కు పెట్టాడు. 1907లో అది తగలబడిపోయింది. మర్నాడు ఆయన గేటు దగ్గర బోర్డు పెట్టాడు, కాలుతున్న శిథిలాలు చూడాలంటే పది సెంట్లు అని. జనం డబ్బులిచ్చి చూశారు కూడా! మళ్లీ కట్టాడు, 1964 దాకా నడిచింది. మా వారికి ఇది చెబితే చాలాసేపు నవ్వి, "అదీ వ్యాపారం" అన్నారు. ఆ రోజు ఇంట్లో వాతావరణం కాస్త తేలికపడింది.

అసలు చిక్కేంటంటే, ఆ 2018 ప్రయాణం గురించి మా ఇంట్లో ఏ ఇద్దరికీ ఒకే జ్ఞాపకం లేదు. నాకు వరసలు గుర్తు, భుజం నొప్పి గుర్తు. మా వారికి 18 వేలు గుర్తు. పెద్దదానికి కొలబద్ద. చిన్నాడికి ఏమీ గుర్తులేదు గానీ, ఫొటోలు చూసి చూసి అన్నీ తెలిసినట్టే మాట్లాడతాడు.

1993లో డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి ఒక ప్రయోగం చేశారు. మనుషుల చేత చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టించారు. ఒకసారి ఒక నిమిషం. ఇంకోసారి అదే చల్లదనంలో ఒక నిమిషం, దాని మీద ఇంకో అర నిమిషం, ఆ చివరి అర నిమిషంలో నీళ్లు ఒక్క పిసరు వెచ్చబడేలా. ఈ రెండిట్లో ఏదో ఒకటి మళ్లీ చేయాలంటే ఏది చేస్తారని అడిగితే, ఎక్కువ మంది ఒకటిన్నర నిమిషాలదే ఎంచుకున్నారు. కష్టం ఎక్కువసేపే పడ్డారు, కానీ చివర కాస్త తగ్గింది కాబట్టి అదే నయమనిపించింది. ఎంతసేపు బాధపడ్డామన్నది మనసు లెక్కపెట్టదట. బాగా గుచ్చుకున్న క్షణం, చివరి క్షణం ఇవే దాచుకుంటుందట. కానెమన్‌కి 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. కాన్పుల విషయంలో మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పారిది, వాళ్లకెవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇది చదివాక నాకు పెద్దదాని సంగతి అర్థమైంది. దానికి గుచ్చుకున్న క్షణం, చివరి క్షణం రెండూ ఆ కొలబద్దే. మిగతా రోజంతా దాని లెక్కలోనే లేదు. మాకు దగ్గరలోనే వేరే పార్కులు వచ్చాయని నేను చెప్పి చూశాను. 2024 మే నెలలో భువనేశ్వర్ దగ్గర వండర్లా తెరిచారు, పలాస నుంచి అదే రైలు దారి, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటాం. కొత్తది, శుభ్రంగా ఉంటుంది, మనకే చేదు జ్ఞాపకాలూ లేవు. "అది బాగుంటుందమ్మా, కానీ నేను వెళ్లాల్సింది దానికి కాదు" అంది. ఆ రైడు అక్కడుంది, ఆ కొలబద్ద అక్కడుంది. ఇప్పుడు ఇది 158.

ఇక మా అత్తగారు. ఈ విషయంలో ఆవిడ మా వారి పక్షమే ఉంటారనుకున్నాను. బెంచీ మీద పొద్దంతా కూర్చున్న మనిషి కదా. పప్పు రుబ్బుతూ అన్నారు, "మంచి పెయానవే అది. మావిడి, కొబ్బరి, పనస అన్నీ నిలబడున్న ఏడు. మీ మావగారి సేతి సెట్లు."

ఆ మాట ఉద్దానం బయటివాళ్లకి విడమరిచి చెప్పాలి. ఉద్దానం అన్న పేరు ఉద్యానవనం నుంచే వచ్చిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇటు పలాస దాకా, సముద్రం పక్కన కొబ్బరి, జీడిమామిడి, పనస. వేసవిలో రోడ్డు మీద ఎండే పడదనేంత చెట్లు. అంటే మా వైపువాళ్లం పుట్టిందే పార్కులో. కాకపోతే టికెట్టూ లేదు, కొలబద్దా లేదు.

మా అత్తగారు ఆ బెంచీ మీద కూర్చున్న ఐదు నెలలకి, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని తర్వాత పేపర్లో చదివాం. తెల్లారి ఊరికి వెళ్తే తోటలో నిలబడ్డ చెట్టు లెక్కపెట్టుకోవచ్చు. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయి, కొన్ని మధ్యలో విరిగి, జీడి తోటలు నేలకి అంటుకుపోయి. కరెంటు లేక రోజుల తరబడి చీకటి. ఆవిడకి ఆ పార్కు ప్రయాణమంటే తిత్లీకి ముందు రోజులు. వరసలూ లేవు, పులిహోర డబ్బా లేదు. ఆ చెట్ల డబ్బుతో మనవల్ని తీసుకెళ్లిన రోజు.

నిజానికి ఒకసారి దెబ్బతిన్నచోట మళ్లీ పెట్టుబడి పెట్టాలా అన్న ప్రశ్న మా ఉద్దానానికి పార్కుల కంటే పాతది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది, మా పై భాగాన్నీ కొట్టింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. మళ్లీ 2018లో అదే నెల. ఇన్నిసార్లయ్యాక కొబ్బరి మొక్క నాటాలా? నాటితే కాపుకి ఐదారేళ్లు ఆగాలి. ఆ ఐదారేళ్లలో ఎన్ని అక్టోబర్లు? మా చుట్టాల్లో కొన్ని ఇళ్లు తలుపులేసి హైదరాబాద్, చెన్నై వెళ్లిపోయాయి. వాళ్లని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఐదేళ్లు ఏం తింటారు మరి? మా అత్తగారు 2019లో వానలు పడగానే అరవై మొక్కలు నాటించారు. మా వారు వద్దన్నారు. అప్పుడూ ఇదే మాట, పోయినచోట మళ్లీ పోగొట్టుకోవడం ఎందుకని. ఆవిడ విన్లేదు. కొన్ని చచ్చాయి, కొన్ని ఆవులు తిన్నాయి, నలభై దాకా నిలిచాయి. కిందటేడు పూత వచ్చింది. ఈ ఏడు మొదటిసారి కాయలు దించి అమ్మాం. పెద్ద మొత్తం కాదు. కానీ 2018 తర్వాత ఆ తోట నుంచి వచ్చిన మొదటి డబ్బు.

"ఆ డబ్బులెట్టి ఎల్లండి, మరోపాలి సూసొద్దాం" అన్నారావిడ. సూసొద్దాం అనడంలో తనూ వస్తానని ఉంది. మా వారు ఏమీ అనలేకపోయారు.

అయితే డబ్బు ఎవరు ఇచ్చినా, వెళ్లడం తెలివైన పనో కాదో చూసుకోవాలి కదా. ఇక్కడ టెక్కలి దగ్గర తేలినీలాపురం చూడండి. శీతాకాలంలో ఆ ఊరి చెట్ల నిండా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు. గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, వేసవి ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. మే నెల సెలవులకని హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలు పట్టుబట్టి వెళ్లి, ఖాళీ చెట్లు చూసొచ్చి, మీ ఊళ్లో ఏమీ లేదన్నారు. డిసెంబర్‌లో రండి అని చెప్పాను. ఇంకా రాలేదు. ఆ చోటుది తప్పు కాదు, ఆ నెలది. అలాగే మేం చూసిన పార్కులో ఎంత భాగం ఆ చోటుది, ఎంత భాగం ఆ ఆదివారంది?

అందుకని ఈసారి టికెట్ తీసేముందు ఫోన్ చేశాను. ఏ రైడ్లు ఆగి ఉన్నాయి, ఎప్పటి వరకు అని అడిగాను. రెండు ఆగి ఉన్నాయని పేర్లతో చెప్పారు. ఆ రోజు కిటికీ దగ్గర చెప్పనిది ఇప్పుడు ఫోన్లోనే చెప్పారు కాబట్టి, ఆ మేరకు మారారనుకుంటున్నాను. పెద్దదాని రైడు నడుస్తోంది. వారం మధ్యలో జనం ఎంత ఉంటారని అడిగితే, ఆదివారంతో పోలిస్తే సగం కూడా ఉండరన్నారు. పెద్దవాళ్లకి టికెట్ తగ్గింపు ఉందట. బయటి తిండి మాత్రం ఇప్పటికీ రానివ్వరు. అక్కడ పారిస్‌వాళ్ల దగ్గర నేర్చుకోలేదు. సరే, పులిహోర రైల్లోకి. మా అత్తగారికి గేటు బయట హోటల్లో ఇడ్లీ తినిపించి, మధ్యాహ్నం పెరుగన్నం దొరుకుతుందో లేదో కూడా అడిగి పెట్టుకున్నాను. దొరుకుతుందట.

ఇక ఆలోచించాల్సింది చిన్నాడి గురించే. వాడికి తొమ్మిదిన్నర. తలుపు చట్రం దగ్గర పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాడు రోజూ. 133. ఎంత సాగదీసినా 133. అంటే అక్క అప్పుడు నిలబడ్డచోటే ఇప్పుడు వీడు నిలబడతాడు. వాడికి ముందే చెప్పాలా, అక్కడే తెలియనివ్వాలా అని మా వారికీ నాకూ చిన్న తగువైంది. ముందు చెబితే రానంటాడని ఆయన భయం. కొలబద్ద ముందు తెలుసుకోవడం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఒకరికి బాగా తెలుసు కాబట్టి, ఆ పని దానికే అప్పగించాను. ఇద్దరూ కూర్చుని, పార్కువాళ్ల పట్టిక ముందేసుకుని, వాడు ఎక్కగలిగేవన్నీ టిక్కు పెట్టారు. చాలానే ఉన్నాయి. ఎక్కలేనివి ఐదు. వాటి పక్కన వాడు తన చేత్తో "2028" అని రాసుకున్నాడు.

మంగళవారానికి టికెట్లు తీశాం. మే ఆఖరి వారం, పెద్దది హాస్టల్‌కి వెళ్లడానికి పది రోజుల ముందు. మా వారు కొట్టు రెండు రోజులు మూయడానికి ఒప్పుకున్నారు, సోమవారం రాత్రి రైలు. మా అత్తగారు మడత కుర్చీ కొనమన్నారు, బెంచీ మీద నడుం పట్టేసిందట అప్పుడు. ఎనిమిదేళ్లలో ఆవిడ ఆ ముక్క చెప్పడం ఇదే మొదటిసారి.